నిల్వ అనే నిలువు వరుస

దుకాణాల లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్ తయారుచేయడం నా వృత్తి. ఇది కథలు పుట్టే వృత్తి కాదు. పాతికేళ్ళకు పైగా ఇదే పనిలో ఉన్నా, నలుగురిలో కూర్చున్నప్పుడు చెప్పుకోదగ్గ ముచ్చట్లు నా దగ్గర బహు తక్కువ. ఒక్క సంగతి మాత్రం రాయాలని చాలాకాలంగా అనుకుంటూ, వాయిదా వేస్తూ వచ్చాను. కారణం వేరే ఏమీ లేదు, సిగ్గు. ఒకానొక డేటాబేస్‌లో, ఒక పట్టికలో, ఉండనవసరం లేని ఒక నిలువు వరుస పెట్టాను. దాని ఖరీదు నేను చెల్లించలేదు, మరొకరు చెల్లించారు.

1998లో విజయవాడ వన్‌టౌన్‌లో ఒక ఇనుప సామాన్ల టోకు దుకాణానికి లెక్కల ప్రోగ్రాము రాసి ఇచ్చాను. అంతవరకు అక్కడ లెక్కలన్నీ చేతిరాతే. ఒక గుమాస్తాగారు ఉండేవారు. యాభై అయిదేళ్ళ మనిషి, తెల్ల చొక్కా, జేబులో రెండు కలాలు. ఎర్రగుడ్డ అట్ట వేసిన పొడవాటి పుస్తకాలలో చిట్టా, ఆవర్జా రాసేవారు. ఈ మాటలు ఇప్పటివారికి కొత్త కావచ్చు గనుక చెబుతున్నాను. ఏ రోజు పద్దులు ఆ రోజు, జరిగిన వరుసలో రాసుకునేది చిట్టా. అవే పద్దులను ఎవరి ఖాతాలోకి వారికి విడదీసి రాసేది ఆవర్జా. ప్రోగ్రాము రాయడానికి ముందు ఆయన పక్కన పదిహేను రోజులు కూర్చున్నాను. జంటపద్దు విధానం నేను పుస్తకంలో చదివి పరీక్ష రాసినవాణ్ణే గాని, అది ఎలా నడుస్తుందో చూసింది ఆయన దగ్గరే.

ఆ పదిహేను రోజుల్లో ఆయన నాకు ఒక నియమం పదేపదే చెప్పారు. రాసిన పద్దును చెరపకూడదు. పొరపాటు జరిగితే, ఆ పద్దును అలాగే ఉంచి, దానికి ఎదురు పద్దు రాసి, తరువాత సరైన పద్దు రాయాలి. చెరిపిన చోట ఏముండేదో ఎవరికీ తెలియదు గనుక, చెరపడం పొరపాటుకంటే పెద్ద పొరపాటు అనేవారు. నేను తల ఊపాను. అది కాగితం మీద రాసేవారి ఇబ్బంది అనీ, కంప్యూటరుకు వర్తించదనీ మనసులో అనుకున్నాను.

నేను ఫాక్స్‌ప్రో 2.6లో కట్టిన నిర్మాణం చాలా సులువైనది. రెండే పట్టికలు. మొదటిది ఖాతాల పట్టిక: ఖాతా నంబరు, పేరు, ఊరు, నిల్వ. రెండవది పద్దుల పట్టిక: తేదీ, వోచరు నంబరు, డెబిట్ ఖాతా, క్రెడిట్ ఖాతా, మొత్తం, ముప్పై అక్షరాల వివరణ. పద్దు ఎక్కించగానే ప్రోగ్రాము మూడు పనులు చేసేది. పద్దుల పట్టికలో ఒక వరుస చేర్చేది. డెబిట్ ఖాతా నిల్వను మార్చేది. ఆ తరువాత క్రెడిట్ ఖాతా నిల్వను మార్చేది.

ఖాతాల పట్టికలో ఆ 'నిల్వ' అనే నిలువు వరుస అవసరం లేదు. ఏ ఖాతా నిల్వ అయినా దాని పద్దులన్నీ కూడితే వస్తుంది. కాని అప్పటి 486 యంత్రం మీద, ఏడాది మధ్యకు వచ్చేసరికి, ఒక్క ఖాతా పద్దులు వెతికి కూడడానికి నిమిషం పట్టేది. షావుకారుగారు ఫోనులో ఖాతాదారుతో మాట్లాడుతూనే "మీ బాకీ ఇంత" అని చెప్పగలగాలని కోరుకున్నారు. కూడికను ముందే చేసి ఉంచితే మీట నొక్కిన మరుక్షణం తెర మీద అంకె కనబడుతుంది. కనబడింది. ఆయన పొంగిపోయారు. ఆ మెప్పు చూసి నేనూ పొంగిపోయాను.

ఇంకొక సౌకర్యం కూడా కల్పించాను. ఏ తేదీ పద్దునైనా తెరిచి దిద్దుకోవచ్చు. దిద్దినట్టు ఎక్కడా గుర్తు మిగలదు. దీనిని మిగతా దుకాణాలవారికి పంచిన కరపత్రంలో ఒక సుగుణంగా అచ్చు వేయించుకున్నాను.

ఆ ఏడాది వర్షాకాలంలో ఒక ఉదయం విశాఖపట్నం నుంచి చువ్వల లోడు వచ్చింది. గుమాస్తాగారు లారీ కిరాయి 3,800 రూపాయలు, హమాలీ ముఠాకు 550 రూపాయలు ఇచ్చి, రెండు పద్దులూ వెంటవెంటనే కంప్యూటరులోకి ఎక్కించారు. కరెంటు పోయింది. యూపీఎస్ బ్యాటరీ అప్పటికి నెల రోజులుగా పనిచేయడం లేదు. అరగంటకు కరెంటు వచ్చాక ఆయన తెరిచి చూస్తే రెండు పద్దులూ భద్రంగానే ఉన్నాయి. నిశ్చింతగా పని సాగించారు.

రాత్రి కొట్టు కట్టేసే వేళ నగదు లెక్క చూస్తే, తెర మీద ఉన్న నిల్వకంటే పెట్టెలో 4,350 రూపాయలు తక్కువగా ఉన్నాయి.

మరునాడు నన్ను పిలిపించారు. గుమాస్తాగారు రెండు కాగితాలు నా ముందు పెట్టారు. "మొన్న రాత్రి ముగింపు నిల్వ ఇది బాబూ. నిన్న పొద్దున ప్రారంభ నిల్వ అంతకంటే 4,350 ఎక్కువ చూపిస్తోంది. రాత్రికి రాత్రి డబ్బు ఎలా పుడుతుంది?" అని అడిగారు. న్యాయమైన ప్రశ్న. 4,350 రూపాయల పద్దు కోసం ఆయనా నేనూ వెతికాం. అలాంటి పద్దు ఎక్కడా లేదు. అప్పుడు నేను షావుకారుగారి ఎదుట అన్న మాట ఇది: "వెనక తేదీలో ఏదో పద్దు దిద్ది ఉంటారు. లేకపోతే ప్రారంభ నిల్వ మారదు."

తాను ఏ పద్దూ దిద్దలేదని ఆయన అన్నారు. దిద్దారని నేను నిరూపించలేను, దిద్దలేదని ఆయనా నిరూపించలేరు. గుర్తు మిగలని దిద్దుబాటు నేనిచ్చిన సౌకర్యమే కదా. ఆయన తన సంచిలోంచి ఒక చిన్న నోటుపుస్తకం తీశారు. కంప్యూటరు వచ్చాక చేతిరాత మానేయమని షావుకారుగారు చెప్పినా, అలవాటు చావక, నగదు చిట్టా ఒక్కటి మాత్రం ఇంటి దగ్గర రాసుకుంటున్నారట. అందులో నిల్వ పెట్టెలోని డబ్బుతో రూపాయి తేడా లేకుండా సరిపోయింది.

నేను ఆ పుస్తకం పేజీలు తిప్పి, "చేతి కూడికలో పొరపాటు రావచ్చు. కంప్యూటరు కూడికలో పొరపాటు రాదు" అన్నాను.

ఆ మాటలో అబద్ధం లేదు. కాని ఆ నిల్వను కంప్యూటరు కూడనేలేదు.

జరిగింది ఇది. రెండు పద్దులూ డిస్కు మీదకు చేరాయి. లారీ కిరాయి, హమాలీ ఖాతాల నిల్వలు మారాయి. నగదు ఖాతా కొత్త నిల్వ మాత్రం ఇంకా మెమరీలోనే ఉండగా కరెంటు పోయింది. తిరిగి తెరిచేసరికి నగదు ఖాతాలో పాత నిల్వే ఉంది, అంటే 3,800, 550 తగ్గని నిల్వ. ఇక రోజువారీ చిట్టా అచ్చువేసే ప్రోగ్రాము ప్రారంభ నిల్వను ఎలా తెచ్చేదంటే, ఖాతాలోని ప్రస్తుత నిల్వ నుంచి ఆ రోజు పద్దులను వెనక్కు తీసి రాబట్టేది. అందువల్ల ముగింపులో ఉన్న తప్పు ప్రారంభానికి వెళ్ళి కూర్చుంది, ఆ రోజు చిట్టా చూడడానికి సక్రమంగానే ఉంది. ఏప్రిల్ ఒకటి నుంచి నగదు పద్దులన్నీ ఒక్కసారి కూడి చూసి ఉంటే గుట్టు బయటపడేది. అయిదు నిమిషాల పని. ఆ ఆలోచన నాకు రాలేదని ఇన్నాళ్ళూ చెప్పుకున్నాను. నిజానికి నా ప్రోగ్రాములో తప్పు ఉంటుందన్న ఆలోచనే నాకు రాలేదు.

షావుకారుగారు చెడ్డవారు కాదు. పోలీసులనలేదు, కేకలు వేయలేదు. జీతంలో నెలకు 290 రూపాయల చొప్పున 15 నెలలు పట్టుకున్నారు. గుమాస్తాగారు నోరెత్తలేదు. బాకీ తీరిన మరుసటి నెలలో ఉద్యోగం మానేశారు.

1999 మార్చి 31న సంవత్సరాంతపు అంకణా తీస్తే డెబిట్ వైపు 5,950 రూపాయలు ఎక్కువ వచ్చింది. అంకణా కుదరకపోతే ఆస్తి అప్పుల పట్టిక తయారుకాదు. ఆడిటరుగారు తొందరపెడుతున్నారు. ఇలాంటప్పుడు తేడాను అనామతు ఖాతాలో వేసి, తీరిగ్గా వెతుక్కోవడం ఆచారం. నేనే స్వయంగా 5,950 రూపాయలు అనామతు ఖాతాకు క్రెడిట్ చేశాను. తీరిక ఎన్నడూ రాలేదు. ఏటా కొత్త సంచయం తెరిచినప్పుడల్లా ఆ నిల్వ కూడా కొత్త సంవత్సరంలోకి నడిచి వచ్చేది.

ఆ ప్రోగ్రాము పందొమ్మిదేళ్ళు నడిచింది. 2005 ఏప్రిల్‌లో వ్యాట్ వచ్చినప్పుడు ఒక నిలువు వరుస అతికించాను. 2014 జూన్ 2న రాష్ట్రం రెండైనప్పుడు మరొకటి అతికించాను. 2017 జూలై 1 నుంచి జీఎస్టీ అన్నాక అతుకులు వేసే చోటు మిగలలేదు. షావుకారుగారు అప్పటికి కాలం చేశారు. దుకాణం నడుపుతున్న వారి అబ్బాయి, "అన్నయ్యా, పునాది నుంచి కొత్తగా కట్టండి. పాత సంవత్సరాలన్నీ అందులోకి రావాలి" అన్నాడు.

ఎందుకు అతకదో రెండు ఉదాహరణలు చెబుతాను. లక్ష రూపాయల చువ్వలు గుంటూరులో ఖాతాదారుకు అమ్మితే 18 శాతం పన్ను. అందులో తొమ్మిది వేలు కేంద్రానిది, తొమ్మిది వేలు రాష్ట్రానిది. ఖాతాదారుకు 1,18,000 డెబిట్. అమ్మకాలకు లక్ష, రెండు పన్ను ఖాతాలకు చెరొక తొమ్మిది వేలు క్రెడిట్. ఒక డెబిట్‌కు మూడు క్రెడిట్లు. నా పాత పట్టికలో వరుసకు ఒక డెబిట్, ఒక క్రెడిట్ తప్ప చోటు లేదు. కొత్త నిర్మాణంలో వోచరుకు ఒక పట్టిక, దాని పంక్తులకు వేరొక పట్టిక. వోచరుకు ఎన్ని పంక్తులైనా ఉండవచ్చు, డెబిట్లు క్రెడిట్లు సరిసమానం కాకపోతే మాత్రం డేటాబేస్ దానిని లోపలికి రానివ్వదు.

రెండవది ఖమ్మం ఖాతాదారు. 2014 జూన్ 1 వరకు ఆయనకు అమ్మినది రాష్ట్రం లోపలి అమ్మకం. మరునాటి నుంచి అంతర్రాష్ట్ర అమ్మకం. మనిషి కదలలేదు, కొట్టు కదలలేదు. ఖాతాల పట్టికలో 'రాష్ట్రం' అనే గడిని ఆంధ్రప్రదేశ్ నుంచి తెలంగాణకు మారిస్తే, పాత బిల్లులన్నీ కూడా తెలంగాణ బిల్లులైపోతాయి. అంటే ఈ రోజు నిజాన్ని రాయడం కోసం నిన్నటి నిజాన్ని చెరుపుతున్నాం. అందుకని కొత్త నిర్మాణంలో రాష్ట్రాన్ని ఖాతా పక్కన గడిలో కాక, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు అన్న వివరంతో వేరే పట్టికలో పెట్టాను. ఈ దుకాణం జీఎస్టీ నంబరు 37తో మొదలవుతుంది, ఖమ్మం వారిది 36తో. గుంటూరు బిల్లులో రెండుగా చీలిన పన్ను ఖమ్మం బిల్లులో 18 శాతమూ ఒక్క పంక్తిలో వస్తుంది.

ఇదంతా రాస్తున్నప్పుడు నాకు గుమాస్తాగారి నియమం తరచు గుర్తుకు వచ్చేది. ఎడ్గర్ కాడ్ అనే శాస్త్రజ్ఞుడు ఐబీఎంలో పనిచేస్తూ 1970లో ప్రచురించిన వ్యాసమే ఈనాటి డేటాబేస్ పట్టికలకు మూలం. ఆ దారిలో నడిచినవారు నేర్పేది ఒక్కటి: ఒక సంగతిని ఒకే చోట రాయి. రెండు చోట్ల రాస్తే ఎప్పుడో ఒకప్పుడు అవి రెండూ రెండు మాటలు చెబుతాయి. ఇక జంటపద్దు విధానాన్ని 1494లో వెనిస్‌లో అచ్చయిన తన గణిత గ్రంథంలో లూకా పచోలీ వివరించాడు. ఆయన దానిని కనిపెట్టలేదు, అప్పటికే వెనిస్ వర్తకులు చేస్తున్నదానిని రాసిపెట్టాడు. జరిగినది జరిగినట్టు రాసే పుస్తకం ఒకటి, దానినుంచి ఖాతాల వారీగా తీసే పుస్తకం ఒకటి. మన చిట్టా ఆవర్జాలు ఆ పనే చేస్తాయి. నిల్వ అనేది ఎప్పుడూ పద్దులలో నుంచి పుట్టవలసినదే. నేను దానికి విడిగా ఒక గడి కట్టి, పద్దుల ప్రమేయం లేకుండా బతకనిచ్చాను.

కొత్త ఖాతాల పట్టికలో నిల్వ అనే వరుస లేదు. రూపాయలను పైసలుగా, పూర్ణసంఖ్యలుగా దాచాను. యంత్రం వాడే ద్విసంఖ్యామానంలో పది పైసలు, అంటే రూపాయిలో పదో వంతు, దశాంశంగా కచ్చితంగా ఇమడదు గనుక. ఒక వోచరు పంక్తులన్నీ చేరితే చేరతాయి, మధ్యలో కరెంటు పోతే ఒక్కటీ చేరదు. చేరిన వోచరును దిద్దడానికి మీట లేదు. ఎదురు పద్దు వేయడానికి ఉంది.

పాత సంవత్సరాల సంచయాలు మొత్తం 19. ఒక్కొక్కటీ కొత్త డేటాబేస్‌లోకి ఎక్కించేటప్పుడు ఒక చిన్న పరీక్ష రాసుకున్నాను. ప్రారంభ నిల్వకు ఆ ఏటి పద్దులన్నీ కలిపితే, దాచిన నిల్వ రావాలి. రాని ఖాతాల జాబితా అచ్చు వేయాలి. 1998-99 సంచయానికి రెండే ఖాతాలు వచ్చాయి. అమ్మకాల ఖాతా, తేడా 1,600. నగదు ఖాతా, తేడా 4,350.

ఆ అంకెను చూడగానే గుర్తుపట్టాను. మరచిపోయాననే అనుకున్నాను గాని మరచిపోలేదు. ఆ రోజు పద్దులు తెరిచాను. పక్కపక్క నంబర్లతో 3,800, 550. కూడితే 4,350. ఎవరైనా వెనక తేదీలో పద్దు దిద్ది ఉంటే నిల్వ కూడా దానితోపాటే మారేది, ఈ తేడా వచ్చేదే కాదు. గుమాస్తాగారు ఏ పద్దునూ ముట్టుకోలేదనడానికి పందొమ్మిదేళ్ళ తరువాత దొరికిన సాక్ష్యం అది. 4,350కి 1,600 కలిపితే 5,950. నేను అనామతు ఖాతాలో వేసిన మొత్తం.

ఆయన తన జేబునుంచి పెట్టెలో పెట్టిన డబ్బు ఏ పద్దుగానూ ఎక్కలేదు. దానికి ఎదురుగా పుస్తకాలలో మిగిలినది ఆ అనామతు క్రెడిట్ ఒక్కటే. అంటే దుకాణం ఎవరికో 4,350 రూపాయలు బాకీ ఉన్నదని మా లెక్కలు ఏటేటా చెబుతూనే వచ్చాయి. అనామతు అనేది అమానత్ అన్న మాట నుంచి వచ్చింది. ఒకరు నమ్మి మన దగ్గర ఉంచిన సొమ్ము అని దాని అర్థం. ఎవరి సొమ్మో మేము అడగలేదు.

షావుకారుగారి అబ్బాయికి చూపించాను. చాలాసేపు ఆ రెండు కాగితాలనే చూసి, "వడ్డీతో సహా ఇద్దాం, పదండి" అన్నాడు. గుమాస్తాగారు గుడివాడలో కూతురి ఇంట్లో ఉన్నారని తెలిసి ఇద్దరం వెళ్ళాం. డెబ్బై దాటిన ఆయన వరండాలో కుర్చీలో కూర్చుని ఉన్నారు. జరిగినదంతా చెప్పి, కాగితాలు చేతికిచ్చాను. కళ్ళజోడు పెట్టుకుని, వేలు ఆనించి, అంకెలను పైనుంచి కిందికి స్వయంగా కూడుకున్నారు. ఆ తరువాత నా వైపు తిరిగి ఒక్కటే అడిగారు.

"ఆ రోజు కూడి చూడలేదా బాబూ?"

లేదండీ అన్నాను. అంతకంటే ఏమీ చెప్పలేకపోయాను. ఆయన కూడా ఇంకేమీ అడగలేదు. ఆ పదిహేను నెలలూ జీతం తగ్గిందని ఇంట్లో చెప్పారట గాని, ఎందుకో భార్యకు చెప్పలేదట. ఆమె పోయి మూడేళ్ళయిందని కూతురు చెప్పింది.

అబ్బాయి కవరు ఇచ్చాడు. ఆయన లెక్కపెట్టి 4,350 ఉంచుకుని మిగిలినది తిరిగి ఇచ్చేశారు. "పద్దు ఇంతది. తక్కినది ఏ ఖాతాలో రాస్తారు?" అన్నారు. బతిమాలినా తీసుకోలేదు. ఒక్క కోరిక మాత్రం కోరారు. వోచరు అచ్చుతీసి పంపమన్నారు, వివరణ పూర్తిగా రాయమన్నారు. పాత ప్రోగ్రాములో వివరణకు ముప్పై అక్షరాలు చాలవని ఆయన అప్పట్లోనే చెప్పి ఉన్నారు. కొత్తదానిలో హద్దు లేదు. అనామతు ఖాతాకు డెబిట్, నగదుకు క్రెడిట్. వివరణలో జరిగినది జరిగినట్టు, తప్పు ప్రోగ్రాముదని, ప్రోగ్రాము నాదని రాశాను. ఆరు పంక్తులు వచ్చింది. ఆ వోచరు ఇప్పటికీ అక్కడే ఉంది. నేను కూడా దిద్దలేను.

కంపెనీలు వాడే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో ప్రతి దిద్దుబాటూ తేదీతో సహా నమోదు కావాలనీ, ఆ నమోదును ఎవరూ ఆపలేని విధంగా ఉండాలనీ 2023 ఏప్రిల్ 1 నుంచి నిబంధన అమలులోకి వచ్చింది. దొంగలెక్కలు పట్టుకోవడానికే ఇదంతా అని చాలామంది విసుక్కోవడం విన్నాను. మా దుకాణం కంపెనీ కాదు, ఆ నిబంధన దానికి వర్తించదు. అయినా విసుక్కునేవారితో నేను అనే మాట ఒకటుంది. దిద్దుబాటు గుర్తులు దొంగను పట్టిస్తాయో లేదో గాని, దొంగ కానివాడికి అవి లేకపోతే చెప్పుకోవడానికి ఏమీ ఉండదు.

మీలో ఎవరైనా ఇలాంటి ప్రోగ్రాములు రాసేవారుంటే, నిల్వను విడిగా దాచవద్దని నేను శాసించను. ఖాతాలు లక్షల్లో ఉన్నచోట వేగం కోసం దాచక తప్పదు. దాచండి. కాని అది పద్దులకు నకలేనని గుర్తుంచుకుని, రాత్రి కొట్టు కట్టేశాక పద్దులన్నీ మళ్ళీ మొదటినుంచి కూడించి, సరిపోయిందో లేదో చూడండి. మా దుకాణంలో ఆ పని రోజూ రాత్రి తొమ్మిదింటికి దానంతట అదే జరుగుతుంది. ఇప్పటి యంత్రం మీద అయిదు నిమిషాలు కూడా పట్టదు.